మాటల వెనక – 9: కానుక ఎవరిది?

"ఉచితాలు పంచి కూలోళ్లని సోమరుల్ని చేస్తున్నారండీ" అని మొన్న ఒక రిటైర్డ్ మాస్టారు నాకు హితబోధ చేశారు. ఆయనకి నెలనెలా పెన్షన్ పడుతుంది. ధరలు పెరిగితే డీఏ కలుస్తుంది. ఆయన పోతే భార్యకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అదంతా చేసిన సర్వీసుకి ప్రతిఫలమట. మా పెద్దమ్మకి వచ్చే 4,000 మాత్రం ఉచితమట.

మిత్రులారా, మా పెద్దమ్మ సర్వీసు కూడా కాస్త చూద్దాం. పదేళ్ల వయసు నుంచి కూలికి పోయింది. నాట్లు, కలుపు, మిరప కోతలు, పొగాకు పని. యాభై ఏళ్ల పైచిలుకు. ఆ మాస్టారి పొలంలాంటి పొలాలు చాలావాటిలో ఆమె చెమట ఉంది. సర్వీసు రిజిస్టర్ లేదంతే. ఇప్పుడు పల్లెలో ఒక్కతే ఉంటుంది. కొడుకు హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డు, వాడి అద్దె వాడికే చాలదు. ఒకటో తారీఖు సచివాలయం వాళ్లు వస్తే వేలిముద్ర పడదు. రెండుసార్లు, మూడుసార్లు, కొబ్బరినూనె తుడిచి మరోసారి. ఎవరి చేతులు ఎక్కువ పనిచేశాయో వాళ్లనే ఆ మెషీన్ గుర్తుపట్టదు.

ఆ డబ్బుతో ముందు కొట్టు బాకీ తీరుస్తుంది. తర్వాత బీపీ, షుగర్ మాత్రలు. పదిహేనో తారీఖు దాటాక మాత్ర సగానికి విరిచి వేసుకుంటుంది. అయినా నెలకి 300 విడిగా దాస్తుంది. దేనికే అంటే, "నన్ను తీసేటప్పుడు ఎవుడూ అప్పు చెయ్యగూడదు" అంది. ఇది సోమరితనమని ఎవరైనా అంటే నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ముందు మాటలే కళ్లబడతాయి. వైఎస్సార్ పెన్షన్ కానుక. ఎన్టీఆర్ భరోసా. తెలంగాణలో ఆసరా, తర్వాత చేయూత. పార్టీలు మారాయి, నిఘంటువు మారలేదు. ఒక్క పేరులోనూ హక్కు అనే మాట లేదు. కానుక అనగానే ఇచ్చేవాడికి పేరు, పుచ్చుకునేవాళ్లకి ఒంగిన నడుము. మాస్టారి పెన్షన్‌కి మాత్రం ఏ నాయకుడి పేరూ లేదు, గమనించారా?

లెక్క చూడండి. కేంద్రం 1995లో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు తన వాటా 75 రూపాయలు. 2006లో 200 చేసింది. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి అదే 200 పాతుకుపోయింది. మిగతాది రాష్ట్రాలు కలుపుతాయి. ఆంధ్రలో 2014లో 1,000 అయింది, 2019లో 2,000, ఆపైన 2,250, 2024లో 4,000. ఆ సంవత్సరాలు ఇంకోసారి చదవండి. మాస్టారి పెన్షన్ ధరల్ని బట్టి పెరుగుతుంది. పెద్దమ్మది ఎన్నికల్ని బట్టి పెరుగుతుంది. మధ్యలో 250 చొప్పున పెరిగినవి కూడా ఎన్నికల హామీలే. కిరాణా కొట్టువాడు మాత్రం ఐదేళ్లు ఆగడు కదా!

వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం పొందే హక్కు గురించి రాజ్యాంగం 41వ అధికరణంలో ఉంది. ఆదేశిక సూత్రాల్లో ఉంది కాబట్టి కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం. పనికి 2005లో చట్టం వచ్చింది, తిండికి 2013లో వచ్చింది. కూలోళ్ల ముసలితనానికి ఇప్పటికీ పథకమే దిక్కు. పథకం అంటే రేపు పొద్దున జీవోతో కోసెయ్యొచ్చు.

మన వైపు కూడా ఒక మాట. నేను కాంట్రాక్ట్ లెక్చరర్ని, నాకూ పెన్షన్ లేదు. సీపీఎస్ రద్దు ధర్నాల్లో కూర్చున్నాను. న్యాయమైన డిమాండే, మళ్లీ పిలిచినా వెళ్తాను. కానీ ఆ టెంట్ల కింద కూలోళ్ల పెన్షన్‌కి డీఏ ఏదని ఒక్క నినాదం వినలేదు. మన దళిత సంఘాల కరపత్రాల్లో కూడా అది చివరి పేరాలో చివరి వాక్యం. స్కాలర్‌షిప్ బకాయిల కోసం రోడ్డెక్కే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మిమ్మల్ని హాస్టల్ దాకా పంపిన చేతులు ఎవరివి? ధరలతోపాటు పెరిగే పెన్షన్, చట్టంతో వచ్చే పెన్షన్, ఏ నాయకుడి పేరూ లేని పెన్షన్. ఇది కరపత్రంలో మొదటి డిమాండ్‌గా ఎందుకు రాయం?

వచ్చే భాగం ఆధార్ వయసుల మీద. పుట్టినతేదీ జనవరి 1 అని పడ్డ ముసలోళ్లు మీ పల్లెలో ఎంతమందో, వాళ్లలో అరవై దాటినా కార్డులో దాటనివాళ్లు ఎవరో ఈలోపు లెక్కరాసి పెట్టండి. జై భీమ్.