వంగాల్సింది పిల్లనగ్రోవి కాదు

కుర్దు గొర్రెల కాపరులకు ఒక పిల్లనగ్రోవి ఉంది. తుర్కియే వైపు దాన్ని బిలూర్ అంటారు, ఇరాక్, ఇరాన్ వైపు షిమ్‌షాల్ అంటారు. మన మురళిలా అడ్డంగా పట్టి బెజ్జంలో ఊదేది కాదు. రెండు చివరలా తెరిచి ఉన్న గొట్టాన్ని ఏటవాలుగా పెదవికి ఆనించి పైఅంచు మీదుగా గాలి వదులుతారు. అందుకే స్వరంతో పాటు ఊపిరి రాపిడి కూడా వినిపిస్తుంది. కొండ మీద ఒంటరిగా మందను కాసేవాడికి ఆ రాపిడే అందం. ఇలాంటి వాద్యాన్ని జాజ్‌తో కలపవచ్చా అన్న ప్రశ్న మనకెందుకు అనిపించవచ్చు. కానీ గొర్రెలు, గొంగళ్లు, పిల్లనగ్రోవులు కుర్దుల సొత్తేమీ కాదు. నల్ల గొంగడి కప్పుకుని, ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చుటోపీ పెట్టుకుని, డమరుకం మోగిస్తూ పిల్లనగ్రోవి ఊదే గొరవయ్యలు ఉమ్మడి అనంతపురం, కర్నూలు జిల్లాల వాళ్లే. మైలార లింగడి పేరు చెప్పుకుని ఆడే కురుబలు వాళ్లు. కాబట్టి కుర్దు వేణువు గురించి అడిగే ప్రశ్న ఏదైనా కదిరి దాటి నంబులపూలకుంట దాకా వస్తుంది. కలపవచ్చా అంటే కలపవచ్చు. అయితే కలిసేటప్పుడు ఎవరు వంగాలన్నదే అసలు పేచీ.

చిక్కంతా స్వరస్థానాల్లో ఉంది. పియానోలో స్థాయికి పన్నెండు మెట్లు, పదమూడోది లేదు. కుర్దు పాటలు ఎక్కువగా తిరిగే, మన రాగంలాంటి హుస్సేనీ మకాంలో రెండో స్వరం మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. (మన హుసేని రాగానికి పేరు అటునుంచే వచ్చిందని చెబుతారు. పేరు కలిసినా నడక వేరు.) ఆ రిషభానికి పియానో మీద మీట లేదు. దానికి తోడు జాజ్‌లో నాలుగైదు స్వరాలను ఒక్కసారిగా మోగించే కార్డులు క్షణక్షణానికీ మారుతుంటాయి. వాటి మీద అప్పటికప్పుడు పాటను అల్లుకుంటూ పోవడమే అక్కడి విద్వత్తు. మన దగ్గర షడ్జం కదలదు. తంబురా ఉన్నచోటే ఉంటే దాని చుట్టూ రాగం తిరుగుతుంది. కింద నేల కదిలిపోతుంటే రాగం నిలబడేదెలా? జాజ్‌వాళ్లు ఈ ముడిని తమ వైపు నుంచి తామే సగం విప్పుకున్నారు. 1959లో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో కార్డుల పరుగు తగ్గించి, ఒకే స్వరశ్రేణి మీద నింపాదిగా నిలిచి వాయించే దారి చూపించాడు. రెండేళ్లకు జాన్ కోల్ట్రేన్ ‘ఇండియా’ అనే పేరుతోనే ఒక రచన వాయించాడు. ఆ తలుపు తెరిచాకే తూర్పు సంగీతాలు లోపలికి రాగలిగాయి. కుర్దుల సంగతే తీసుకున్నా, 2016లో వచ్చిన ‘హవ్నియాజ్’ ఆల్బమ్‌లో గాయని ఐనూర్, కమాంచే వాయించే కేహాన్ కల్హోర్, తెంబూర్ వాయించే జెమిల్ కోచ్‌గిరీ పక్కన సల్మాన్ గంబారోవ్ అనే బాకూ జాజ్ పియానిస్టు కూర్చున్నాడు. మకాం సంప్రదాయం ఉన్న ఊరి మనిషి కాబట్టి ఎక్కడ వేళ్లు తీసేయాలో అతనికి తెలుసు. ఆ రికార్డులో పియానో ఊరుకున్న చోట్లు, మోగిన చోట్లంత ముఖ్యమైనవి.

వంగడం అన్న మాటకు ఇక్కడ అక్షరాలా అర్థం ఉంది. 1970లలో ‘శక్తి’ బృందం కట్టినప్పుడు జాన్ మెక్‌లాఫ్లిన్ ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించాడు, వీణ మీద లాగినట్టు తీగను లాగి గమకం పలికించడానికి. నాదం కోసం అడ్డంగా అదనపు తీగలు కూడా వేయించాడు. అప్పటికే అమెరికాలో పేరు మోసిన వాద్యకారుడు, మన సంగీతం కోసం తన వాద్యానికి ఉలి పెట్టించాడు. ఇటు నుంచి చూస్తే పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఉన్నాడు. మాండొలిన్‌కి ఉండేవి నాలుగు జంట తీగలు. జంట తీగ మీద గమకం పలకదు, ఒకటి లాగితే రెండోది శ్రుతి తప్పుతుంది. ఆయన వాటిని తీసేసి అయిదు ఒంటి తీగలు వేసుకుని, విద్యుత్ మాండొలిన్ మీద కల్యాణినీ తోడినీ పూర్తి గమకాలతో పలికించాడు. ఆ చేతులతోనే 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పెద్దయ్యాక ‘రిమెంబర్ శక్తి’లో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నప్పుడు ఆయన జాజ్ వాయించలేదు, కర్ణాటక సంగీతమే వాయించాడు. మెక్‌లాఫ్లిన్ విసిరిన పదబంధాన్ని కల్పనస్వరాలతో అందుకుని తిప్పి విసిరేవాడు. కద్రి గోపాలనాథ్ కూడా అంతే. (మంగళూరు కద్రి, మన కదిరి కాదు.) ఆయనా శాక్సోఫోన్‌నే మార్చుకున్నాడు గానీ రాగాన్ని కాదు. అమెరికన్ జాజ్ వేణు విద్వాంసుడు జేమ్స్ న్యూటన్‌తో కలిసి వాయించినా, జాజ్ శాక్సోఫోన్ వాయించే రుద్రేశ్ మహంతప్పతో 2008లో ‘కిన్స్‌మెన్’ చేసినా గమకం చెక్కు చెదరలేదు. హిందూపురానికి నూరు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు చెందిన కర్ణాటక కాలేజ్ ఆఫ్ పెర్కషన్ వాళ్లతో 1983లో ‘జ్యోతి’ రికార్డు చేసిన చార్లీ మారియానో అయితే జాజ్ శాక్సోఫోన్‌తో పాటు నాదస్వరం కూడా నేర్చుకున్న మనిషి. ఈ జతలన్నిటిలో ఒకటే కనిపిస్తుంది: బిగుసుకున్న పడమటి వాద్యం వంగింది, స్వరం వంగే స్వేచ్ఛ మిగిలింది. ఎదురు దారిలో వెళ్లినవి, అంటే వేణువుని పియానో శ్రుతికి కోయించి, డ్రమ్స్ మీద కూర్చోబెట్టినవి, హోటల్ లిఫ్టుల్లో మోగుతుంటాయి.

ఈ కథలో మన ప్రాంతానికి చోటు లేదనుకుంటే పొరపాటు. కెనడాలో పుట్టి, స్టాన్ కెంటన్ బృందంలో ట్రంపెట్‌ను ఆకాశానికి ఎక్కించిన మేనార్డ్ ఫెర్గూసన్ 1960ల చివర్లో మన దేశానికి వచ్చి మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో సంగీతం నేర్పాడు. నంబులపూలకుంటకు దక్షిణంగా పోతే వచ్చేది ఆ లోయే. తర్వాత సత్యసాయి బాబాకు భక్తుడై పుట్టపర్తి విద్యార్థుల బ్రాస్ బ్యాండుకూ నేర్పాడు. 1970లో వచ్చిన ‘ఎం.ఎఫ్. హార్న్’ రికార్డులో ఒక రచనకు ‘చలనాట’ అని పేరు పెట్టాడు, మన 36వ మేళకర్త రాగం. కోల్ట్రేన్ భార్య, హార్ప్ విదుషి ఆలిస్ కోల్ట్రేన్ 1983లో కాలిఫోర్నియాలో పెట్టిన ఆశ్రమానికి తర్వాత సాయి అనంతం అని పేరు మార్చింది. శ్రీనివాస్ సరేసరి, ఆయన పుట్టపర్తిలో వాయించడం అక్కడివాళ్లకు కొత్త కాదు. ప్రపంచ జాజ్‌లోని ఇన్ని పేర్లు ఈ రాళ్లసీమకు ముడిపడి ఉన్నాయి. కానీ ఫెర్గూసన్ రికార్డులోకి వెళ్లింది మేళకర్త. రిషివ్యాలీ చుట్టుపక్కల గుట్టల మీద గొర్రెలు కాసేవాళ్ల గ్రోవి దాంట్లో లేదు. జాజ్ మన దగ్గరికి వచ్చినప్పుడల్లా శాస్త్రీయ సంగీతం గుమ్మం దగ్గరే ఆగింది. పల్లె ఊపిరి దాకా రాలేదు. కుర్దుల సంగతి దీనికి తలకిందులు. వాళ్ల దగ్గర కాపరి వాద్యమే పెద్ద పీట మీద ఉంది. షిమ్‌షాల్‌లో కాలే మెరే, బిలూర్‌లో ఎగిదే జిమో వాళ్లకు మన ద్వారం వెంకటస్వామి నాయుడంతటి వాళ్లు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. కుర్దు వేణువు వట్టి వేణువు కాదు, నోరు నొక్కేసిన ఒక జాతి గొంతు. 1983లో తుర్కియే తెచ్చిన చట్టం కుర్దు భాషలో పాటను అచ్చు వేయడాన్నీ పంచడాన్నీ నేరం చేసింది. దాన్ని 1991 దాకా ఎత్తేయలేదు. 1955లో మొదలైన యెరెవాన్ రేడియో కుర్దు ప్రసారాల్లో వినిపించిన ఎగిదే జిమో బిలూర్ సరిహద్దుకు తుర్కియే వైపున్న కుర్దులకు ఇంటి కబురు. అలాంటి దాన్ని పారిస్, న్యూయార్క్ క్లబ్బుల కాలక్షేపంలో కలిపితే పలచబడదా అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేను. కానీ పలచబడేది కలవడం వల్ల కాదు, ఎవరి షరతు మీద కలిశారన్న దాన్ని బట్టి. జాజ్ కూడా నోరు నొక్కేసిన వాళ్ల గొంతే, బానిసల మనవలు కట్టుకున్న సంగీతం. పైగా స్వచ్ఛత వాదం మన దగ్గర ఎప్పుడూ నిలవలేదు. ఫిడేలు బాలుస్వామి దీక్షితుల కాలంలో మన కచేరీకి వచ్చింది. ఇవాళ అది లేని గాత్ర కచేరీ ఊహించండి. దాన్ని మనం మన పద్ధతిలో ఒడిలోకి దించుకుని కూర్చుని వాయిస్తున్నాం. కలుషితమైంది ఎవరు?

నన్ను ఇంతకన్నా ఇబ్బంది పెట్టేది మరొకటి. మధ్య ఆఫ్రికాలోని బా-బెంజెలే అడవి జనానికి హిందెవ్హు అనే ఊదే వాద్యం ఉంది. బొప్పాయి కాడతో చేసిన ఒంటి స్వరం ఈల. ఊదుతూ మధ్యమధ్య గొంతుతో కూతలు కలిపి ఆ ఒక్క స్వరాన్ని పాట చేస్తారు. సిమ్హా అరోమ్, జెనెవీవ్ తోరెల్ దాన్ని రికార్డు చేసి 1966లో విడుదల చేశారు. 1973లో హెర్బీ హాంకాక్ ‘హెడ్ హంటర్స్’లో ‘వాటర్‌మెలన్ మ్యాన్’ను మళ్లీ చేసినప్పుడు, బిల్ సమ్మర్స్ బీరు సీసా మీద ఊది ఆ అల్లికనే మొదట్లో పెట్టాడు. జాజ్‌లో లక్షల్లో అమ్ముడైన రికార్డు అది. అడవిలో ఊదినవాళ్లకు వచ్చింది ఏమీ లేదు. వేణువుకీ జాజ్‌కీ ఇంతకన్నా ప్రసిద్ధమైన కలయిక లేదనుకుంటే, అందులో వేణువు వాయించిన మనిషే లేడు, సీసా ఉంది. మన దగ్గరా రేపు ఎవరో ఒక గొరవయ్య ఊదింది సెల్‌ఫోన్‌లో పట్టుకుపోయి, సినిమా పాట కింద లూపులా వేసి, ‘ఫోక్ ఫ్యూజన్’ అని రాసుకుంటారు. అదీ కలయికే అంటారు. రెండు మనోధర్మాలు ఎదురెదురుగా కూర్చోకపోతే దానికి ఆ పేరు చెల్లదు. తనకు తోచినట్టు మలుపు తిప్పే హక్కు గ్రోవి ఊదేవాడికి లేనప్పుడు అక్కడ జరిగేది వాయిద్యం అద్దెకు తీసుకోవడమే.

వినేవాళ్లుంటారా అంటారా? గొరవయ్య చుట్టూ జాతరలో జనం ఉండనే ఉన్నారు. జాజ్ వాళ్లు బెంగళూరులో ఉన్నారు. మధ్యలో కావలసింది వేదిక. నంబులపూలకుంట చుట్టూ బీళ్లలో గొర్రెలు మేసిన మేర ఇప్పుడు సోలార్ పలకలు పరుచుకున్నాయి. కాపరితో పాటు గ్రోవి కూడా తప్పుకుంటోంది కాబట్టి ఆలస్యం మంచిది కాదు. ఆటకత్తెల, వాద్యగాళ్ల శిల్పాలున్న నాట్యమండపం గల లేపాక్షిలో ఉత్సవాలు జరుపుతుంటారు. ఈసారి ఒక సాయంత్రం సినిమా పాటలకు కాకుండా దీనికి ఇవ్వమని జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాను. గొరవయ్యనూ శాక్సోఫోన్ విద్వాంసుణ్నీ పది రోజులు ముందుగా ఒకచోట కూర్చోబెట్టండి. ఆకాశవాణి అనంతపురం దాన్ని రికార్డు చేయాలి, దాని మీద గొరవయ్య పేరు మొదట ఉండాలి, పారితోషికం ఇద్దరికీ సమానంగా ఉండాలి. ఇంకొక్క సంగతి, నిర్వాహకులు మరచిపోయేది: శ్రుతి చూసుకునే ముందు కీబోర్డు కట్టేయండి. ఇనుప చువ్వ కాల్చి బెజ్జాలు పెట్టిన ఆ వెదురుగొట్టం ఏ శ్రుతిలో పలికితే, ఆ సాయంత్రానికి అదే శ్రుతి.