పాత కాగితము - మిగిలిన మాత్ర

రంజాను ముందర గాని, సంక్రాంతి ముందర గాని ఇల్లు దులిపే రోజున మన మెట్ట ప్రాంతపు ఏ ఇంటిలోనైనా రెండు మూటలు బయటపడతాయి. ఒకటి ట్రంకు పెట్టె అడుగున పేరుకున్న కాగితాల మూట: నిండిపోయిన బ్యాంకు పాసుపుస్తకాలు, ఆధారు జిరాక్సులు, ఆసుపత్రి చీటీలు. రెండవది గూటిలోని మందుల సంచి: సగం వాడిన జ్వరపు మాత్రలు, అడుగున గడ్డకట్టిన దగ్గు మందు, కాలం చేసిన పెద్దవారి రక్తపోటు బిళ్ళలు. మొదటిది పాత కాగితాలవాని తక్కెడలోకి, రెండవది మురుగుకాలువలోకి పోవడం రివాజు. ఈ రివాజు మంచిది కాదని చెప్పడానికి వ్యాసం అక్కరలేదు. అయితే దోషమంతా గృహస్థుని అజ్ఞానం మీద మోపి ఉపన్యసించే పద్ధతితో నేను ఏకీభవించలేను. కాగితాన్ని అడిగి పుచ్చుకున్నవారు, మందును అమ్మి సొమ్ము చేసుకున్నవారు దాని అంత్యానికి కూడా బాధ్యులు కావలెనని నా వాదము.

ముందు కాగితం సంగతి. చిల్లకల్లు జాతీయ రహదారిపైనున్న ఊరు. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగే బండ్లు ఆగేచోట మిరపకాయ బజ్జీలు ఏ కాగితంలో చుట్టి ఇస్తున్నారో గమనించినవారు ఎందరు? పరీక్షల జవాబు పత్రాలైతే పోనీ అనుకోవచ్చును. ఒకసారి నా చేతికి వచ్చిన పొట్లం ఎవరో విద్యార్థి దరఖాస్తు. నూనె మరక కింద అతని తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు, సంతకం స్పష్టంగా కనిపిస్తున్నాయి. బజ్జీలు అమ్ముకునే ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. ఆమె కిలోల లెక్కన కొన్నది. ఆ విద్యార్థి తప్పు అసలే లేదు, అడిగినచోట ఇచ్చినాడు. అమ్మినదెవరో వారే చెప్పవలసి ఉన్నది.

కాగితం మీది ఆనవాలుతో ఏమి చేయవచ్చునో 2018లో పెద్దపల్లి జిల్లాలో వెల్లడి అయినది. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖవారి వెబ్‌సైటులోని దస్తావేజుల నుండి వేలిముద్రలను దించుకొని, రబ్బరు ముద్రలు తయారుచేసి, ఇతరుల పేర సిమ్ కార్డులను పనిచేయించిన ఉదంతమది. భూమి కొన్ననాడు రైతు వేసిన బొటనవ్రేలి ముద్ర ఎంత దూరం ప్రయాణించినదో చూడండి!

ఆధారు ప్రాధికార సంస్థ బెంగుళూరు కార్యాలయం 2022 మే 27న జిరాక్సు ప్రతులను ఎవరికి పడితే వారికి ఇవ్వవద్దని హెచ్చరించినది. రెండు రోజులకే ప్రభుత్వం ఆ ప్రకటనను వెనుకకు తీసుకున్నది. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ప్రతిని ఇచ్చే వీలు మాత్రం ఉన్నది, వాడుకొనేవారే అరుదు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం డిజిటల్ సమాచారానికి సంబంధించినది. కంప్యూటరుకు ఎక్కని కాగితపు కట్ట దాని పరిధిలోకి రాదు. అనగా కార్యాలయపు బీరువాలోని మన జిరాక్సుకు ఆ చట్టం రక్షణ లేనట్లే.

పారవేయడమెట్లో మనవారికి తెలియదనే మాటను నేను ఒప్పుకోను. మన ముస్లిము గృహాలలో ఖుర్‌ఆన్ పుట చినిగినను, దైవనామమున్న ఉర్దూ పత్రిక పాతబడినను దానిని కాలి కిందకు రానీయరు. మస్జిదులోని పెట్టెలో వేస్తారు, లేదా శుభ్రమైన నేలలో పూడుస్తారు. కాగితం విలువ దానిమీది పేరునుబట్టి ఉంటుందని తెలిసిన సమాజానికి మనిషి పేరున్న కాగితం గురించి కొత్తగా నేర్పవలసినది స్వల్పమే. అంకెలు, సంతకం పడిన భాగాలను అడ్డంగా చించి, నీటిలో నానవేసి, ముద్దచేస్తే చాలును. జిరాక్సు ఇచ్చేటప్పుడే దానిమీద అడ్డంగా తేదీని, ఏ పనికొరకు ఇస్తున్నారో దానిని వ్రాయడం ఇంకా మేలు. అయితే ఉత్సాహంకొద్దీ భూమి దస్తావేజులను, అసలు ధ్రువపత్రాలను నానవేయకండి!

మందుల విషయం ఇంతకన్న చిక్కైనది. ఇనుము మాత్రలను రంగు చూచి పసిపిల్లలు మింగితే ప్రాణాపాయం కలుగుతుంది. ఇన్సులిను సూదిని చెత్తలో వేస్తే గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుని చేతికి. నీటిలో కలిసిన మందులు ఏమి చేస్తాయో పటాన్‌చెరు చెప్పినది: అక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అటువంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. అది కర్మాగారాల పని. మన ఇంటి సంచి దానితో పోల్చితే అల్పమే, కాదనను. కాని మన మురుగు చేరేది పాలేరుకు, మునేటికి, అక్కడినుండి కృష్ణకు.

గడువు తీరిన మందులను ఇంటి ప్రమాదకర వ్యర్థాలుగా 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలే పేర్కొన్నవి. ఎవరికి అప్పగించవలెనన్నదే మన గ్రామాలలో తేలలేదు. కేరళవారు 2025లో కోళిక్కోడు నగరంతోపాటు ఉళ్ళియేరి అనే పంచాయతీలో కూడా ఇంటి మందులను తిరిగి సేకరించే పథకం ఆరంభించినారు. అదే సంవత్సరం కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలను వెలువరించి, ట్రమడాల్, డయాజిపామ్ వంటి 17 మందులు ఇతరుల చేతిలో పడితే అపాయకరములు గనుక వాటిని మాత్రం మరుగుదొడ్డిలో వేసి నీరు వదలవచ్చునన్నది. తక్కినవి అట్లు వేయరాదు.

మరి సేకరించినవి ఏమి చేయవలె? 1992-96 మధ్య యుద్ధపీడిత బోస్నియాకు దానంగా వచ్చిన మందులలో దాదాపు 17,000 టన్నులు నిరుపయోగమైనవని లెక్కకట్టినారు. అట్టి అనుభవాల దరిమిలా 1999లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మార్గాలలో సిమెంటు బట్టీ ఒకటి. దానిలో మంట వేడి సుమారు 2,000 డిగ్రీలకు చేరుతుంది. ఇంధనంలో ఐదు శాతానికి మించకుండా మందులను కలిపి కాల్చవచ్చునట. జగ్గయ్యపేట చుట్టుపట్ల వారికి సిమెంటు బట్టీ అంటే వేరే చెప్పాలా? జయంతిపురం, ముక్త్యాల మన పొరుగువే. ఇతర ఊళ్ళవారు బట్టీ ఎక్కడున్నదని వెదకుకోవాలి. మనకు దుమ్ము ఎటూ తప్పలేదు, ఈ ఉపకారమైనా కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో అడిగి పొందరాదా?

తిరిగి తీసుకున్న మందులు మళ్ళీ అమ్మకానికి వస్తాయని కొందరి భయం. అది న్యాయమైన భయమే. అందువలన మాత్రల పట్టీని ఇచ్చేవారే కత్తిరించి ఇవ్వాలి. పెట్టెకు తాళం, పక్కన నమోదు పుస్తకం ఉండాలి. ఆ ఏర్పాటు జరిగేదాకా ఇంటివారు మాత్రలను తడి మన్నులోనో బూడిదలోనో కలిపి, సంచిలో గట్టిగా మూటకట్టి పారవేయడం కొంత నయం. సూదులను మాత్రం మూత బిగించిన గట్టి సీసాలో వేయాలి.

కళాశాల కమిటీవారికి నా మనవి ఇది. మన జాతీయ సేవా పథకం విద్యార్థులు జగ్గయ్యపేట ఔషధ దుకాణదారులతో, పురపాలక సంఘంవారితో మాట్లాడి మందుల పెట్టె విషయం తేల్చుకోగలరు. దానికి మీ అనుమతి పత్రం ఒక్కటి చాలును. కాగితాల విషయం మాత్రం మీ చేతిలోనిదే. ప్రతి ప్రవేశాల కాలంలో మేము ఇచ్చే దరఖాస్తులను, వాటికి జతపరచిన ధ్రువపత్రాల నకళ్ళను ఎన్నేళ్ళు ఉంచుతారో, ఎవరి సమక్షంలో నాశనం చేస్తారో వచ్చే ప్రవేశాలకు ముందుగానే తీర్మానించి, ఆ తీర్మానాన్ని ఉర్దూలోను తెలుగులోను నోటీసు బోర్డుపై ఉంచవలెనని కోరుచున్నాను.