రొద యెక్కడిది?

యంత్రమునందలి దోషమేదో తెలియకముందే దాని భాగములను మార్చుట యీ కాలపు యువకులకు వినోదమైనది. మేమును ఆ వినోదమునకు లోబడినవారమే. కావున ఇతరులను నిందించుటకు మాకు హక్కు లేదు. మా తప్పును మేమే చెప్పుకొని, దానివలన మాకు కలిగిన యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

మేడ్చలును ఆనుకొనియున్న అత్వెల్లిలో ఒక వృద్ధుడు కలడు. మేమాయనను తాత యని పిలుతుము. ఆయన భార్య గతించి కొన్ని యేండ్లయినది. బతుకమ్మ పాటలకు ఆమె పెట్టినది పేరు. ఆమె గొంతెత్తినగాని తక్కిన స్త్రీలు అందుకొనెడివారు కారట. 1990 దశకమున చుట్టమొకడు ఆమె పాటలను ఒక క్యాసెట్టులో పట్టియుంచెను. మనుమడు దానిని కంప్యూటరులోనికి ఎక్కించి, తాత వినుటకై బల్లమీద నొక చిన్న డాక్ యంత్రమును, ఆంప్లిఫయరును, రెండు స్పీకరు పెట్టెలను అమర్చి, ఉద్యోగార్థమై దూరదేశమునకు పోయెను. ఆమె గొంతు ఈ లోకమున మిగిలియున్నది ఆ పాటలలోనే.

డాక్ అన నేమని యడుగువారికి రెండు మాటలు. కంప్యూటరు పాటను పాటగా దాచదు, సంఖ్యలుగా దాచును. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కునకు నిర్ణయింపబడిన పద్ధతి ప్రకారము సెకనునకు 44,100 మారులు శబ్దమును కొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో నేదో యొక మెట్టుగా వ్రాయుదురు. ఆ సంఖ్యలను మరల విద్యుత్తరంగముగా మార్చి ఆంప్లిఫయరునకు అందించునదే డాక్. పాట వినిపించు ప్రతి ఫోనులోను ఇట్టిది లోపల నుండనే యుండును. దానిని వేరు పెట్టెలో నుంచుట కంప్యూటరు లోపలి విద్యుత్తు సందడికి దూరముగా నుండవలెనని. తాత యింటి పెట్టె యు.ఎస్.బి. తీగ వెంట వచ్చు 5 వోల్టులతోనే నడచునది.

ఆ యంత్రములు పెట్టినది మొదలు పాట వెనుక తుమ్మెద ఝంకారమువంటి రొద వినవచ్చుచుండెను. తాత మాకు కబురు పంపెను. మేము పోయి, విని, తలలూపి, డాక్ చెడ్డదని తీర్పు చెప్పితిమి. ఎట్లు తెలిసినదని ఆయన యడుగలేదు. అడిగియుండిన బాగుండెడిది.

మరునాడు కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి, ఎనిమిది కాళ్లుగల క్రొత్త ఆప్-ఆంప్ చిప్పు నొకదానిని కొనితెచ్చితిమి. పాతదానిని సాకెట్టునుండి ఊడబెరికి క్రొత్తదానిని గ్రుచ్చితిమి. రొద రవంతయు తగ్గలేదు. అయినను మాలో నొకడు శబ్దము ‘విప్పారిన’దనెను. తక్కినవారమును విప్పారినదనియే యంటిమి. డబ్బు పెట్టిన తరువాత చెవి యెవరి పక్షమున నుండునో వేరుగ చెప్పవలెనా!

తరువాత కెపాసిటర్ల వంతు. శబ్దము వెలువడు మార్గమున 47 మైక్రోఫారడుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండుండెను. ఫిలిం కెపాసిటర్లు శ్రేష్ఠములని మేము చదివియుంటిమి. అంత విలువగల ఫిలిం కెపాసిటరు ఆ పెట్టెలో పట్టదు గనుక, పట్టిన 0.1 మైక్రోఫారడు వానినే అతికితిమి. ఆశ్చర్యము! రొద మూడవ వంతునకు తగ్గెను. మా యానందమునకు మేర లేకపోయెను. తాతను కూర్చుండబెట్టి పాట పెట్టితిమి. ఆయన కొంతసేపు విని, “రొద తగ్గింది గని బిడ్డా, గిది దాని గొంతు గాదు. ఎవరో దూరంకెల్లి పాడినట్లున్నది” అనెను.

ముసలితనమున చెవి మందగించినదని మాలో మేము నవ్వుకొంటిమి. ఆ రాత్రి కాగితముపై లెక్క వేసి చూచిన పిమ్మట నవ్వు నిలువలేదు. కెపాసిటరు విలువ తగ్గినకొలది మంద్రధ్వనికి దారి యిరుకగును. ఆ ఆంప్లిఫయరు యొక్క యిన్‌పుట్ నిరోధము 10,000 ఓములు. దానికి ముందు 0.1 మైక్రోఫారడు పెట్టినయెడల సుమారు 160 హెర్ట్జులకు దిగువనున్న ధ్వని యంతయు క్రమముగా సన్నగిల్లును. రొద 50 హెర్ట్జులది కావున అదియు తగ్గెను. దానితోపాటు చప్పట్ల అడుగున నుండు బరువును, ఆమె కంఠమునందలి నిండుదనమును కొంత పోయెను. మేము రోగమును కుదుర్చలేదు. రోగి నోరు సగము మూసితిమి. కొలత పరికరము లేకుండనే తాత ఆ సంగతి పట్టుకొనెను. ఆ గొంతును నలువది యేండ్లు విన్న చెవి యది.

అప్పుడు గాని మేము మొదట చేయవలసిన పనికి పూనుకొనలేదు. భారతదేశమున విద్యుత్తు సెకనునకు 50 మారులు ఊగును. రొద 50 హెర్ట్జుల దైనచో ఎర్తు తీగల వలయమునో, ప్రక్కనున్న ట్రాన్స్‌ఫార్మరునో, డాలు సరిగా లేని తీగనో అనుమానింపవలెను. 100 హెర్ట్జుల దైనచో, విద్యుత్తును చదునుచేయు పెద్ద కెపాసిటరు ఎండిపోయినదేమో చూడవలెను. ఈ రెంటికిని గల భేదము ఫోనులోని చిన్న సాధనముతోనే తెలియును. కానియు ఖర్చు లేదు. మాకు కనబడినది 50.

పిమ్మట ఒక్కొక్క తీగను విప్పుచు వచ్చితిమి. ఆంప్లిఫయరునుండి డాక్ తీగను తీసితిమి: నిశ్శబ్దము. దానిని మరల పెట్టి యు.ఎస్.బి. తీగను మాత్రము కంప్యూటరునుండి లాగితిమి: అప్పుడును నిశ్శబ్దము. కంప్యూటరునకు బదులు బ్యాటరీపై నడచు లాప్‌టాపును తగిలించితిమి. పాట వచ్చెను, రొద రాలేదు. లాప్‌టాపునకు మూడు కాళ్ల చార్జరు తగిలించినంతనే రొద తిరిగివచ్చెను. ఇక సందేహమేమున్నది? డాక్ నిర్దోషి.

దోషము గోడలలో నుండెను. తాత యింటికి పాత భాగమొకటి, తరువాత కట్టిన గది యొకటి. రెంటికిని వేరువేరు ఎర్తు గుంటలు. గదిలో నొక్కటే ప్లగ్గు చోటుండుటచే దానికి కంప్యూటరును తగిలించి, ఆంప్లిఫయరునకు పాత యింటి బోర్డునుండి పొడవాటి తీగ లాగియుండిరి. ఎండకు మట్టి ఆరినకొలది ఎర్తు బలము తగ్గును. రెండు గుంటలును ఒక్కరీతిగా ఆరవు. ఆ రెంటి నడుమనుండు స్వల్పపు వోల్టేజి, డాక్ తీగ పైతొడుగు వెంట ప్రవహించి, పాటతో కలిసి ఆంప్లిఫయరులో ప్రవేశించుచుండెను. రెండు యంత్రములను గదిలోని ఒక్క ఎక్స్‌టెన్షన్ బోర్డునకే తగిలించితిమి. రొద మాయమయ్యెను. వైర్‌మన్‌ను పిలిపించి రెండు ఎర్తులను లావైన తీగతో ఒకటిగా కలిపించితిమి. వేరువేరుగా వదలుట ప్రమాదమని ఆయనయు చెప్పెను.

ఇక్కడ నొక్క విషయము దాచరాదు. దోషము తెలియక మున్ను మాలో నొకడు, ఆంప్లిఫయరు ప్లగ్గులోని లావాటి మూడవ కాలును తొలగించినచో రొద పోవునని చెప్పియుండెను. పోవుననుట నిజమే. అట్లు చేయువారిని మేమెరుగుదుము. కాని ఆంప్లిఫయరు పెట్టె లోహముతో చేసినది. ఏనాడైన లోపల 230 వోల్టుల తీగ దానికి తగిలెనా, ఎర్తు ఉన్నచో ఫ్యూజు పోవును. లేనిచో ముట్టుకొన్న వాని ప్రాణము పోవును. ప్రతి సాయంకాలము ఆ మీట త్రిప్పువాడు ఒంటరియైన వృద్ధుడు. మేము కలము పట్టుటకు ముఖ్యకారణమిదియే. రొదతో పాట వినుట మేలు. ఎర్తు తీసి వినుట కూడదు. ఎర్తును ముట్టకయే వలయమును త్రెంచు ఉపాయములు కలవు: కాంతి మూలమున సంఖ్యలను పంపు ఆప్టికల్ తీగ యొకటి, యు.ఎస్.బి. ఐసొలేటరు మరియొకటి.

భాగములు మార్చుట తప్పని మా వాదము కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు వేడికి ఎండును. పది డిగ్రీల వేడి పెరిగిన వాని యాయువు సుమారు సగమగునని లెక్క. ఉబ్బిన దానిని మార్చవలసినదే. మాటిమాటికి తీగ లాగుటచే యు.ఎస్.బి. సాకెట్టు అతుకు చీలిన మరల అతుకవలసినదే. ఇవి కారణము తెలిసిన మార్పులు. చిప్పు మార్చిన శబ్దము బాగుపడునా యన్న ప్రశ్నకు మాత్రము మేము జవాబు చెప్పజాలము. మార్చుటకు పట్టు పది నిమిషములలో చెవి మునుపటి దానిని మరచును. ఒకే రకపు పెట్టెలు రెండుంచి, ధ్వనిని సమానముగా కొలిచి, ఏది యేదో తెలియకుండ వినినగాని తీర్పు చెప్పరాదు. మావద్ద రెండు పెట్టెలు లేవు. కావున ‘విప్పారిన’దన్న మాటను వెనుకకు తీసికొనుచున్నాము.

పాత కెపాసిటర్లను తిరిగి అతుకబోగా, మా తొందర చేతులకు బోర్డుమీది రాగి రేకొకటి ఊడివచ్చినది. చిన్న తీగ ముక్కతో దానిని కలిపితిమి. పనిచేయుచున్నది గాని చూచుటకు బాగులేదు.

తాత మరల కూర్చుండి వినెను. ఈ మారు ఏమియు అనలేదు. రెండవ పాట పెట్టుమని చేయి చూపెను. ఆ పాట ప్రక్కన సన్నని రొద యొకటి యింకను కలదు. అది క్యాసెట్టులోనే పట్టువడినది. హెడ్‌ఫోనులతో ఫోనులో వినినను వినవచ్చును. కంప్యూటరులో దానిని వడగట్టవచ్చునని మాలో నొకడు ఉబలాటపడుచున్నాడు. ముందు మూలప్రతిని వేరొక డిస్కులో భద్రపరచి, తాత యనుమతించినచో నకలుపై మాత్రమే ఆ ప్రయత్నము చేయవలెనని నిశ్చయించుకొంటిమి. ఆయన యింకను అనుమతింపలేదు.