ఎడారిలో ఇంటిదారి

బాగ్దాద్ నుంచి పడమరగా వెళ్తే రమాది దాటాక పచ్చదనం పలచబడుతుంది. ఆ తర్వాత ఎడారే! చెప్పుకోదగ్గ ఊరు రుత్బా ఒక్కటే. ఐదు వందల కిలోమీటర్లకు పైగా సాగిన ఆ రోడ్డు ట్రెబిల్ దగ్గర జోర్డాన్ సరిహద్దును తాకుతుంది.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించాయి. విమానాశ్రయం మూతపడింది. అక్కడున్న మనవాళ్లకు (కడప, గోదావరి జిల్లాలవాళ్లూ వారిలో ఉన్నారు) ఇల్లు చేరడానికి ఈ రోడ్డే దిక్కయింది. బస్సెక్కి బస్రా, బాగ్దాద్, అక్కణ్నుంచి ఎడారి. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు? కువైట్ దినారును ఇరాక్ దినారుతో సమానమనేసరికి ఆ కష్టార్జితం కరిగిపోయింది. సరిహద్దు దగ్గర గుడారాల్లో పడిగాపులు. నీళ్లకూ క్యూనే!

అమ్మాన్ చేరితే ఎయిరిండియా ఉంది. 59 రోజులు, 488 విమానాలు, లక్షమందికి పైగా... గిన్నిస్‌కెక్కింది. 2016లో హిందీ సినిమా కూడా వచ్చింది. విమానాల సంగతి అందరికీ తెలుసు. అక్కడిదాకా చేర్చిన బస్సు డ్రైవర్ల ఊసే వినపడదు.

2014లో ఈ దారి ఐసిస్ చేతికి చిక్కింది. వచ్చేపోయే లారీల దగ్గర సుంకం గుంజేవారు. ట్రెబిల్ గేటు మళ్లీ తెరుచుకుంది 2017 ఆగస్టులోనే.