ట్రక్కు మూత ఎవరి చేతికి అందాలి?

ఈ నెల కబుర్లు పికప్ ట్రక్కు గురించి. "అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు?" అనుకోకండి. మేముండే టెక్సాస్‌లో మనవాళ్ళ ఇళ్ళ ముందు కూడా ట్రక్కులు కనిపిస్తున్నాయి. ముచ్చటపడి కొనుక్కునేది ఆయనే. ఆఫీసుకి మాత్రం పెట్రోలు కలిసొస్తుందని చిన్న కారు తీసుకెళ్తారు. ఇండియన్ స్టోర్‌కీ, పిల్లల ఆటలకీ, ఎయిర్‌పోర్టుకీ ట్రక్కు మనకి మిగులుతుంది.

ట్రక్కు వచ్చిన మర్నాటి నుంచీ ఇంట్లో చర్చ దాని వెనక బెడ్ మీద వేసే మూత గురించి. దాన్ని టానో కవర్ అంటారు. మా ఇంట్లో రెండు వారాలు నడిచింది. మావారు రంగూ నునుపూ చూస్తుంటే నేనడిగింది ఒక్కటే: "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని, ఇరవై పౌన్ల బియ్యం బస్తా లోపల పెట్టడానికి ఇది నాకు తెరుచుకుంటుందా?" ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది అదేనని నా అభిప్రాయం. రోజూ సామాను ఎక్కించి దించేవాళ్ళ చేతికి అందని మూత ఎంత ఖరీదైనదైనా దండగే.

రకాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది చాపలా చుట్టేసే వినైల్ కవర్. తేలిక, చవక, ఒక్కరే తీసి వేసుకోవచ్చు. కానీ చాకుతో కోస్తే తెగుతుంది. రెండోది మూడు మడతలుగా ముడుచుకునే గట్టి కవర్, అల్యూమినియం లేదా ఫైబర్‌గ్లాస్ పలకలతో చేసింది. మూడోది షట్టర్‌లా లోపలికి జరిగే కవర్. వాడటానికి హాయిగా ఉంటుంది కానీ ఖరీదెక్కువ, పైగా దాన్ని చుట్టుకునే డబ్బా బెడ్‌లో క్యాబ్ వైపు కొంత చోటు తినేస్తుంది. నాలుగోది డిక్కీ మూతలా పైకి లేచే ఒకే పలక. చూడటానికి బాగుంటుంది. కానీ ఫ్రిజ్ లాంటి ఎత్తైన సామాను తేవాలంటే మొత్తం ఊడదీయాలి, దానికి ఇద్దరు కావాలి.

కొనేముందు బెడ్ కొలవండి. టెయిల్‌గేట్ మూసి ఉంచి, క్యాబ్ వైపు గోడ నుంచి టెయిల్‌గేట్ లోపలి అంచు దాకా టేపు పెట్టాలి. ఫోర్డ్ ఎఫ్-150నే చూడండి, ఒకే పేరుతో 5.5, 6.5, 8 అడుగుల బెడ్‌లున్నాయి. బండి పేరు చెప్పి ఆర్డర్ పెడితే సరిపోదు. బెడ్ అంచుల మీద కంపెనీ వేసిన పట్టాలున్నాయా, అంచు మీదికి ఎక్కిన ప్లాస్టిక్ లైనర్ ఉందా అన్నది కూడా చూసుకోవాలి. చాలా కవర్లు డ్రిల్లింగ్ లేకుండా క్లాంపులతో బిగుస్తాయి. ఆ క్లాంపు పట్టుకోవడానికి అంచు ఖాళీగా ఉండాలి.

మన సూట్‌కేసుల లెక్క కూడా వేశాను. పెద్ద సూట్‌కేసు సుమారు 30 అంగుళాల పొడవు, 20 వెడల్పు, 12 మందం. ఐదున్నర అడుగుల బెడ్‌లో పడుకోబెడితే నాలుగు పడతాయి. వాటిమీద రెండో వరస పెడితే ఎత్తు 24 అంగుళాలవుతుంది. బెడ్ లోతు చూస్తే సుమారు 21, మూత పడదు. అమ్మావాళ్ళని తీసుకురావడానికి వెళ్ళేముందు ఈ లెక్క వేసుకుంటే ఎయిర్‌పోర్టులో తంటాలు తప్పుతాయి.

ఇక ఎండ. వినైల్ మెత్తగా ఉండేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్ల వల్ల. ఏళ్ళ తరబడి ఎండకి అవి తగ్గిపోయి కవర్ బిరుసెక్కి పగుళ్ళు వస్తాయి. మిషిగన్, మిన్నెసోటా వాళ్ళకి ఇంకో తంటా. చలికి వినైల్ కుంచించుకుపోయి అంచులు అందవు. వినైలే కొంటే వెచ్చగా ఉన్న రోజు బిగించుకోండి. మంచు ఎక్కువ పడే ఊళ్ళో గట్టి కవరే మేలు, అది ఎంత బరువు ఆపుతుందో అడిగి మరీ కొనండి.

వాన సంగతి కూడా చెప్పాలి. చుక్క దిగనివ్వని కవర్ అరుదు. ఎక్కువగా నీళ్ళు దిగేది టెయిల్‌గేట్ సందుల్లోంచి. అక్కడ అంటించే రబ్బరు సీలు విడిగా దొరుకుతుంది. అయినా పిండి, పప్పు సంచులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టడమే మంచిది. మూతకి తాళం ఉన్నా టెయిల్‌గేట్‌కి తాళం పడకపోతే దొంగకి దారి తెరిచినట్టే. పాస్‌పోర్టులు, నగలు ఎప్పుడూ మనతోనే ఉండాలి. "మైలేజీ పెరుగుతుంది" అన్న మాటకి మురిసిపోకండి. టెయిల్‌గేట్ మూసి ఉన్నప్పుడు బెడ్‌లో గాలి సుడి తిరుగుతూ నిలిచి, పైగాలిని చాలావరకు దానిమీద నుంచే జారనిస్తుంది. మూత వల్ల మిగిలేది కొంచెమే.

మేము చివరికి మూడు మడతల అల్యూమినియం కవర్ తీసుకున్నాం. ఐదడుగుల రెండంగుళాల నాకు టెయిల్‌గేట్ దగ్గర నిలబడి మొదటి మడత ఎత్తడం సులువు. రోజువారీ సామానుకి అది చాలు. బ్రేకు వేస్తే బస్తాలు క్యాబ్ వైపు జారిపోకుండా బెడ్‌లో అడ్డంగా బిగించే కర్ర ఒకటి కొన్నాం. మీరూ షాపుకి వెళ్ళి, అమ్మేవాళ్ళు తెరిచి చూపించడం కాకుండా మీ చేత్తో తెరిచి మూసి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. దాగుడుమూతలాడే వయసు పిల్లలకి ఆ మూత కింద చోటు ఎంత ఊరిస్తుందో ఆలోచించండి. అమెరికాలో 2002 మోడల్ నుంచి కార్ల డిక్కీల్లో లోపలి నుంచి తెరిచే హ్యాండిల్ తప్పనిసరి. బయట కొని బిగించే టానో కవర్లలో అది ఉంటుందని అనుకోకండి. ఎండలో నల్లటి మూత కింద వేడి క్షణాల్లో పెరుగుతుంది. లోపల మనుషులు గానీ కుక్కపిల్ల గానీ ఉండకూడదు, ఐదు నిమిషాలకైనా సరే. మా ఇంట్లో దానికి తాళం ఎప్పుడూ వేసే ఉంటుంది, తాళంచెవి పిల్లలకి అందని కొక్కేనికి ఉంటుంది. మీరూ ఈ రెండూ అలవాటు చేసుకోండి.