"చైన్ బండికి ఢోకా లేదు" అన్న మాట నమ్మకండి

ఈసారి పోస్టు మిర్చి గురించి కాదు, యూరియా గురించీ కాదు. ఇంటి ముందు నిలబెట్టుకున్న కారు గురించి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు కొన్నవాళ్లు, కొనాలనుకుంటున్నవాళ్లు.

మన ఊళ్లలో ఒక మాట బాగా తిరుగుతుంది. "ఇది బెల్టు బండి కాదన్నా, చైన్ బండి. ఇంజన్ ఉన్నన్నాళ్లు ఉంటది, దాని జోలికి పోనక్కర్లేదు." అమ్మేవాడూ అదే అంటాడు, పక్కన నిలబడ్డవాడూ అదే అంటాడు. నేనూ నమ్మాను. ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: ఆ మాట సగమే నిజం. ఆయిల్ వేళకి మార్చిన బండిలో చైన్ చాలా కాలం వస్తుంది. మార్చని బండిలో అరుగుతుంది. అరిగితే చాలాసార్లు ముందే చప్పుడు చేసి చెప్తుంది. ఆ చప్పుడు విన్నాక సెట్టు మొత్తం మార్చాలి. ఒక్క పార్టు మార్చి సరిపెట్టుకోకూడదు.

నా సంగతి చెప్తా. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ పక్కనుంచి గలగలమని చప్పుడు వచ్చేది. రెండు సెకన్లు వచ్చి ఆగిపోయేది. చలికాలం కదా అనుకున్నా. కొన్నాళ్లకి అది అయిదారు సెకన్లయింది. షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ విని, "టెన్షనర్ పోయింది, చైన్, గైడ్లు కూడా చూసి మార్చుకుంటే మంచిది, పదిహేను వేల దాకా అవుతుంది" అన్నాడు. పంట చేతికి రాని రోజులు. "తక్కువలో చూడు తమ్ముడూ" అన్నా. టెన్షనర్ ఒక్కటీ మార్చాడు. చప్పుడు పోయింది. గెలిచాననుకున్నా.

నాలుగు నెలలు గడిచాయి. అమ్మకి గుంటూరులో కంటి ఆపరేషన్ చేయించి రాత్రిపూట తీసుకొస్తున్నా. నరసరావుపేట దాటాక టక్కున ఇంజన్ ఆగింది. కంటికి కట్టుతో అమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ ఎప్పటికంటే తేలిగ్గా గిర్రున తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. ఇంకో నాలుగైదుసార్లు కొట్టా. అది ఇంకో తప్పు. తర్వాత హెడ్ విప్పితే వాల్వులు వంగిపోయి ఉన్నాయి. పదిహేను వేలతో పోయేది యాభై ఎనిమిది వేలయింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నా. మెకానిక్‌ని అననండి, అడిగింది నేను.

ఎందుకిలా అయ్యిందో మనకు తెలిసిన వస్తువుతోనే చెప్తా. సైకిల్ చైన్ గుర్తుందా? పాతబడితే సాగి వేలాడేది, పళ్ల మీద నుంచి జారేది. నిజానికి అక్కడ ఇనుము సాగదు. లింకుల్లో ఉండే పిన్నులూ బుష్‌లూ అరిగి, ఒక్కో లింకుకి వెంట్రుకంత సందు వచ్చి, అన్నీ కలిసి చైన్ పొడుగవుతుంది. ఇంజన్‌లోనూ అంతే. కింద క్రాంక్ రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఆ లెక్క మీదే నడుస్తుంది. ఆ లెక్క తప్పకుండా పట్టుకునేది టైమింగ్ చైన్. అది సాగి ఒకటి రెండు పళ్లు జారితే, పైకొచ్చే పిస్టన్‌కి తెరిచి ఉన్న వాల్వు అడ్డమొస్తుంది. డీజిల్ ఇంజన్‌లో ఆ రెంటి మధ్య సందు చాలా తక్కువ కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది.

మరి పొద్దున పూటే చప్పుడు ఎందుకు? చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ చాలా బళ్లలో ఆయిల్ ప్రెషర్‌తో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది. ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఉండి గైడ్లకి కొట్టుకుంటుంది. ఒక క్షణం వచ్చి ఆగితే ముందు ఆయిల్ చూసుకోండి. రోజురోజుకీ పెరుగుతున్నా, వేడెక్కాక కూడా వినపడుతున్నా ఇంక వాయిదా వేయకండి.

చూపించేటప్పుడు ఇవి అడగండి. మొదట డిప్ స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో, ఎలా ఉందో చూడాలి. ఇంజన్ లైటు వెలుగుతుంటే స్కానర్ పెట్టించాలి. క్రాంక్‌కీ క్యామ్‌కీ లెక్క కుదరడం లేదని కోడ్ చూపిస్తే చైన్ మీద అనుమానం పడాల్సిందే. పాత ఆయిల్ దించినప్పుడు అందులో ఇనుప రజను, ప్లాస్టిక్ ముక్కలు ఉన్నాయేమో చూడాలి. ప్లాస్టిక్ ముక్క వచ్చిందంటే గైడ్ తెగుతున్నట్టే. టెన్షనర్ పిన్ను దాదాపు చివరిదాకా బయటికి వచ్చేసి ఉంటే చైన్ సాగిపోయిందని అర్థం. అప్పుడు కొత్త టెన్షనర్ వేస్తే చప్పుడు తగ్గుతుంది, అరుగుదల తగ్గదు. నా బండిలో జరిగింది అదే.

మార్చేటప్పుడు చైన్, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు అన్నీ ఒకేసారి మార్చండి. పాత పళ్ల మీద కొత్త సైకిల్ చైన్ వేస్తే ఎన్నాళ్లొచ్చేదో మీకే తెలుసు. ఎలాగూ విప్పారు కాబట్టి ముందు ఆయిల్ సీలు, గ్యాస్కెట్లు కూడా మార్చేయండి. కింద సంప్ విప్పి జల్లెడ కడిగించండి. విరిగిన గైడ్ ముక్కలు దానికి అడ్డుపడితే ఇంజన్‌కి ఆయిలే అందదు. క్రాంక్, క్యామ్ కదలకుండా పట్టే లాక్ పిన్నులు, టార్క్ రెంచ్ ఉన్న షెడ్డులోనే చేయించండి. అంతా బిగించాక సెల్ఫ్ కొట్టక ముందు పానాతో క్రాంక్‌ని నిదానంగా, ఇంజన్ మామూలుగా తిరిగే వైపే రెండు చుట్లు తిప్పమనండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపొచ్చు. ఆ అయిదు నిమిషాలు దగ్గర నిలబడి చూడండి, మొహమాటం వద్దు.

ఇప్పుడు అసలు నా బాధ. ట్రాక్టర్ విషయంలో మనం ఇలా ఉండం. గంటల మీటరు చూసి, దుక్కులకి ముందే ఆయిల్ మారుస్తాం. అది అన్నం పెట్టే బండి కదా అంటాం. కారు దగ్గరికొచ్చేసరికి "ఎక్కువ తిరగలేదుగా" అంటాం. కానీ మన వాడకం ఎలాంటిది? పది రోజులు నిలబెడతాం, తర్వాత రెండు కిలోమీటర్లు పొలానికి వెళ్లి వస్తాం. ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. మసి, చెమ్మ, మండని డీజిల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. చైన్ పిన్నుల మధ్యకి వెళ్లేది ఆ ఆయిలే. అందుకే పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రాస్తారు. నెలల లెక్క మనం చదవం.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక చాలా కంపెనీలు చిన్న డీజిల్ కార్లు ఆపేశాయి. మన దగ్గర చేతులు మారుతున్నవాటిలో ఎక్కువ అంతకు ముందువే. స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన ఫియట్ డిజైన్ 1.3 లీటర్ డీజిల్ చైన్ ఇంజనే. డస్టర్ 1.5 డీజిల్‌ది బెల్టు. బెల్టుకి పుస్తకంలో గడువు ఉంటుంది, దాటించకూడదు. మీ బండిది ఏదో ముందు తెలుసుకోండి.

కొనడానికి వెళ్లేటప్పుడు "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. పొద్దున్నే వెళ్లి బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, చప్పుడు మీకు వినపడకుండా ముందే తిప్పి ఉండొచ్చు. ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.

రేపు పొద్దున ఫోన్ పక్కన పెట్టి, అద్దం దించి, మీ బండి సెల్ఫ్ కొట్టి పది సెకన్లు వినండి. చప్పుడు ఉంటే ఎన్ని సెకన్లు వచ్చిందో, ఆయిల్ ఎప్పుడు మార్చారో కింద రాయండి. తెలిసినంత చెప్తా. మనం బండి ఎక్కించేది ఎక్కువగా ముసలివాళ్లనీ, పిల్లల్నీ, నొప్పులు పడే ఆడబిడ్డల్నీ. ఆ రాత్రి రోడ్డు మీద అమ్మ, "ఏమైంది నాయనా, ఆగిపోయామా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మీకు ఆ పరిస్థితి రావద్దనే ఇంత రాశా.