ఉస్తాద్ లేని బడిలో తాలీమ్ ఎక్కడిది?

"మన పిల్లలకు చదువు మీద షౌక్ లేదు" అనే మాట వింటే నాకు గుస్సా వస్తుంది. ఉర్దూ మీడియం బడుల్లో పనిచేసే ఉస్తాదులను అడగండి, హకీకత్ తెలుస్తుంది. చాలాచోట్ల ఒక్కరే అయిదు జమాతులకు చెప్పాలి. హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, ఫోన్లో ఫోటోలు ఎక్కించడం కూడా వాళ్ల నెత్తి మీదే. ఇక వెనకబడిన పిల్లాడి పక్కన కూర్చునే ఫుర్సత్ ఏది?

ప్రాథమిక బడిలో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటోంది. మరి పోస్టులెందుకు ఖాళీ? ఉర్దూ మీడియంలో ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన పోస్టులకు ఉర్దూలో చదివినవాళ్లు దొరకరు. డీఎస్సీ వచ్చిపోతుంది, కుర్చీ అలాగే ఉంటుంది. నేను రిజర్వేషన్‌కు ఖిలాఫ్ కాదు. వాళ్ల వాటా పోస్టులు తెలుగు మీడియంలో ఇవ్వండి, ఇక్కడ ఉర్దూ వచ్చినవాళ్లను వేయండి అంటున్నాను. ఇది ఖైరాత్ కాదు, పిల్లల హక్.

సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సగం మంది ఆడవాళ్లుండాలనీ అదే చట్టం చెప్పింది. అమ్మీలూ, అబ్బాలూ! ఉస్తాద్‌ను తిట్టడం ఆసాన్. ఈసారి మీటింగుకు వెళ్లండి. ఖాళీ పోస్టు ఎప్పుడు నింపుతారో దరఖాస్తు రాసి అడగండి. రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు.